అమ్మ ఏడుపు మీద తీన్మార్

పగ పట్టడం చేతకానివాళ్లే క్షమాపణ గురించి ఎక్కువ మాట్లాడతారని నా నమ్మకం. నాకు పగ పట్టడం వచ్చు. నేను చేసే పని కూడా దానికి బాగా పనికొచ్చింది. రికార్డింగ్ గదిలో కూర్చునేవాడు ఒక్క పదాన్ని నలభైసార్లు వింటాడు, విసుక్కోడు. నేను ఒక మనిషి అన్న ఒక్క మాటను ఏళ్ల తరబడి అట్లాగే విన్నాను. "రాగం రాగమే తమ్మీ" అన్నాడు. ఎందుకన్నాడో, దానికి నేనేం చేశానో చెప్పాలంటే మా బాపు మైకు సెట్టు దగ్గర మొదలుపెట్టాలి.

మాది నార్కట్‌పల్లి. హైవే మీద బస్సులు మారే ఊరు. పొద్దంతా లారీల మోత. ఆ మోతలో బాపు మైకు సెట్టు కిరాయికి ఇచ్చేవాడు. రెండు రేకు హారన్లు, ఒక ఆంప్లిఫయర్, ఎర్ర గుడ్డలో చుట్టిపెట్టుకునే ఒక మైకు. పెళ్లిళ్లకు, బోనాలకు, ఓట్ల ప్రచారాలకు, చావులకు కట్టేవాడు. మా వైపు పెద్ద మనిషి పోతే ఇంటి మీద మైకు కట్టి తత్వాలు పెడతారు. "పెండ్లికి జర ఆలిశమైనా నడుస్తది. సావుకు పిలిస్తె మాత్రం అన్నం ముందట్నుంచి లేశి పోవాలె" అనేవాడు బాపు. హారన్‌ను ఏ దిక్కుకు తిప్పితే గాలి మాటను ఎత్తుకుపోదో, మైకుకు ఎంత దూరంలో నిలబడితే గొంతు పగలదో ఆయన దగ్గరే తెలుసుకున్నాను. "మనిషి గొంతు ముందట ఉండాలె, సప్పుడు ఎనక ఉండాలె." ఆయన చెప్పిన పాఠం ఇదొక్కటే. హైదరాబాదులో ఏడాదిపాటు ఏసీ గదిలో కూర్చుని నేర్చుకున్న సౌండ్ రికార్డింగ్ కోర్సులో ఇంతకన్నా పెద్ద సంగతి ఎవరూ చెప్పలేదు.

కోర్సు అయ్యి తిరిగొచ్చేసరికి తెలంగాణ వచ్చింది. ఉద్యమంలో పాడిన గొంతులు ఇంకా వేడిగానే ఉన్నాయి. ఫోన్లలోకి ఇంటర్నెట్ చవగ్గా దిగింది. ఎవరిని చూసినా జానపదం ఛానల్ పెడతానంటున్నాడు. నల్గొండ బస్టాండు వెనక సందులో, ఒక బట్టల దుకాణం మీది అంతస్తులో ఉన్న స్టూడియోలో నేను చేరాను. దాని ఓనరు అంతకుముందు పెళ్లి ఫోటోలు తీసేవాడు. పాట రాదు. పాట ఎవరి దగ్గరుందో వాసన పట్టే ముక్కు మాత్రం ఉంది. అందర్నీ తమ్మీ అని, చెల్లే అని, అవ్వా అని పిలిచేవాడు. అంత తియ్యగా పిలిచేవాణ్ని నమ్మకూడదని అప్పటికి నాకు ఎవరూ చెప్పలేదు.

నా పని ఊళ్లు తిరగడం. దేవరకొండ వైపు, మునుగోడు వైపు, అటు అచ్చంపేట దాకా. చొక్కా జేబులో పట్టే రికార్డర్ పట్టుకుని పొలం గట్ల మీద కూర్చునేవాణ్ని. నాట్లు వేసే ఆడవాళ్లు మొదట సిగ్గుపడేవాళ్లు, తర్వాత నన్ను మరిచిపోయి పాడేవాళ్లు. వాళ్లు మరిచిపోయేదాకా కూర్చోగలగడమే నా నైపుణ్యం. సాయంత్రం స్టూడియోకు వచ్చి రికార్డర్ కార్డులో ఉన్నదంతా పెద్ద డిస్కులోకి ఎక్కించేవాణ్ని. ఫైలుకు ఊరి పేరు, పక్కన ఒక అంకె. పాడినవాళ్ల పేరు రాయకూడదని ఓనరు నియమం.

"పేర్లు రాస్తె రేపు పేర్లు అడుగుతరు తమ్మీ. ఊరు రాయి సాలు."

నేను రాయలేదు. వందల పాటలు ఎక్కించాను, ఒక్క పేరు రాయలేదు. అప్పుడు నాకది తప్పనిపించలేదు, ఆఫీసు పద్ధతి అనిపించింది.

ఇక మా అమ్మ. మా వైపు చావింట్లో ఏడవడమంటే ఉత్త కన్నీళ్లు కాదు. రాగం తీసి, మాట కట్టి ఏడుస్తారు. పోయిన మనిషి ఏం పని చేశాడు, ఏ కూరంటే ఇష్టపడ్డాడు, ఎవరిని ఎట్లా పిలిచాడు, ఎవరిని వదిలిపోయాడు అన్నీ ఆ ఏడుపులో రావాలి. అమ్మ అందులో మొనగత్తె. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఎవరు పోయినా ఆమె కోసం మనిషి వచ్చేవాడు. ఆమె గడప దాటి లోపలికి పోయి మొదటి రాగం ఎత్తగానే, అప్పటిదాకా బిగబట్టుకున్న మొగవాళ్లు కూడా గోడ వైపు తిరిగేవాళ్లు. చిన్నప్పుడు నేనూ చెల్లీ ఆట కోసం ఆమె ఏడుపును అనుకరిస్తే వీపులు పగిలేవి.

"ఏడ్సిన మాట ఎంగిలి మాట. మళ్ల నోట్లె పెట్టుకోవద్దు" అనేది.

ఆ పట్టింపు ఆమెకు గట్టిగా ఉండేది. చావింట్లో అన్న మాట ఇంటికొచ్చి తలకు నీళ్లు పోసుకునేలోపు పోవాలి. అది పోయినవాళ్లకు చెప్పిన మాట, బతికినవాళ్ల కోసం కాదు. పక్కింటావిడ ఎప్పుడైనా "నిన్న ఎంత మంచిగ ఏడ్సినవ్ వదినా, ఆ మాట ఒక్కసారి అను" అంటే అమ్మ లేచి పోయేది.

నేను స్టూడియోలో చేరిన రెండేళ్లకు బాపు పోయాడు. గుండెలో నొప్పని నల్గొండ దవాఖానకు తీసుకుపోతే తెల్లారేసరికి అయిపోయింది. ఇంటి ముందు పడుకోబెట్టాం. నాలుగు ఊళ్లకు మైకు కట్టినవాడి చావుకు మైకు లేదు. సెట్టు ఆయనదే, కట్టేవాడు ఆయనే. హారన్లు ముట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు. బతికున్నన్ని రోజులు బాపును "ఇగో" అని తప్ప ఇంకో మాటతో పిలవని అమ్మ ఆరోజు ఆయన తల పక్కన కూర్చుని రాగమెత్తింది.

"ఊరూరికి మైకు గట్టిన నా రాజా
నీ సావుకు మైకెవరు గడుతరు నా రాజా"

జనం కుప్పకూలారు. అంత ఏడుపు నేను మళ్లీ వినలేదు. స్టూడియో ఓనరు కూడా వచ్చాడు. చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని నిలబడి, కండ్లు తుడుచుకోవడం నేను చూశాను. నా చొక్కా జేబులో రికార్డర్ ఉంది. ముందురోజు ఊళ్లు తిరిగి అట్లాగే దవాఖానకు పోయినవాణ్ని, తీసి పెట్టలేదు. అమ్మ గొంతు లేవగానే నా చెయ్యి దానంతటదే జేబులోకి పోయి బటన్ నొక్కింది. చాలాకాలం నాకు నేను ఇట్లాగే చెప్పుకున్నాను.

పదకొండో రోజు అయ్యాక పనికి పోయాను. కార్డులో ఉన్నదంతా ఎప్పటిలాగే డిస్కులోకి ఎక్కించాను. ఆ ఒక్కటి తర్వాత తీసేద్దాం అనుకున్నాను. "నార్కట్‌పల్లి ఏడు" అని పేరు పడింది. వినడానికి ధైర్యం లేదు, తీసేయడానికి మనసు రాలేదు, అట్లా ఉండిపోయింది.

మరుసటి ఏడు వినాయక నిమజ్జనం రోజు మధ్యాహ్నం నేను ఇంట్లో ఉన్నాను. అమ్మ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. సందు చివర నుంచి ట్రాక్టరు మీద డీజే బాక్సులు వస్తున్నాయి. ముందు తీన్మార్ దరువు, ఇంటి రేకులు అదిరేంత. దాని మీద ఒక ఆడగొంతు, వేగం పెంచి, శ్రుతి పెంచి, పదహారేళ్ల పిల్ల గొంతులా చేసిన గొంతు. "ఊరూరికి మైకు గట్టిన నా రాజా. నా రాజా. నా రా, నా రా, నా రాజా." రంగులు పూసుకున్న పోరగాళ్లు చేతులు పైకెత్తి ఎగురుతున్నారు. రెండో లైను లేదు. దాని బదులు ఓనరు గొంతులో ఏదో పిల్లను ఏడిపించే పాట.

అమ్మ చేతిలో గింజ అట్లాగే ఉండిపోయింది.

"గది నా గొంతు లెక్కున్నది" అంది. ట్రాక్టరు మా ఇంటి ముందుకు వచ్చేదాకా విన్నది. "నాదే" అంది.

నా వైపు తిరిగింది.

"నా ఏడుపు గాళ్లకెట్ల దొరికింది కొడుకా?"

"మా ఓనరు సావుకాడికి వచ్చిండు గదమ్మా. ఫోన్ల ఎక్కిచ్చుకున్నడు గావొచ్చు."

ఎంత తొందరగా వచ్చిందో ఆ అబద్ధం. అమ్మ నమ్మింది. చింతపండు చాట అక్కడే వదిలి లోపలికి పోయి తలుపు పెట్టుకుంది. ట్రాక్టరు హైవే ఎక్కేదాకా ఆ పాట నాలుగుసార్లు మోగింది.

తెల్లారి నల్గొండ పోయాను. ఓనరు కంప్యూటర్ ముందు కూర్చుని ఎంతమంది చూశారో చూసుకుంటున్నాడు. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

"అది మా అమ్మ ఏడుపన్నా. మా బాపు సావు. నువ్వు ఆడ్నే ఉంటివి" అన్నాను.

"ఎరుకనే తమ్మీ. అందుకే గద గుర్తువట్టిన. అసొంటి రాగం రూపాయి పెట్టినా దొరకది."

"ఏడుపన్నా అది."

"ఏడుపైతేంది, నవ్వైతేంది. రాగం రాగమే తమ్మీ. మీ అమ్మ పేరెయ్యమంటవా? గానం అని కింద ఏస్త, ఫికర్ జెయ్యకు."

నేను కొట్టి ఉండొచ్చు. చెయ్యి లేచింది కూడా. కానీ ఒక చెంపదెబ్బతో తీరిపోయే పగతో నాకు తృప్తి లేదు. వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. నేను సర్దుకున్నానని అతననుకున్నాడు. మర్నాడు మిఠాయి కూడా తెచ్చి పెట్టాడు. తిన్నాను.

ఆ పాటతో నా ఇంట్లో ఏం జరిగిందో అతనికి తెలియదు, చెప్పినా అర్థం కాదు. అమ్మ చావులకు పోవడం మానలేదు, పోయి కూర్చునేది. నోరు మాత్రం తెరిచేది కాదు. చిట్యాలలో ఆమె తోబుట్టువు, మా చిన్నమ్మ పోయింది. తల్లి లేకపోతే అమ్మే పెంచిన చెల్లె. ఆడవాళ్లంతా జరిగి జాగా ఇచ్చారు. అమ్మ శవం పక్కన కూర్చుని చెల్లె పాదాలు పట్టుకుని ఉత్తగానే ఊగింది. ఎవరో ముసలామె మెల్లగా అడిగింది.

"నీ చెల్లె మీద గూడ నోరు రాకపాయెనా బిడ్డా?"

"నేను నోరు దెరిస్తె పోరగాండ్లు ఎగురుతరు అత్తా" అంది అమ్మ.

వాకిట్లో నిలబడి నేనది విన్నాను. ఆరోజే తీర్మానించుకున్నాను. వాణ్ని కింద పడేయాలంటే ముందు పైకి ఎక్కించాలి. ఎంత పైకి ఎక్కిస్తే అంత మంచిది.

ఓనరుకు పాడాలని కోరిక. గొంతు స్టీలు గిన్నెను బండ మీద ఈడ్చినట్టు ఉంటుంది. శ్రుతి ఎప్పుడూ కాలిగోటికి తగిలిన రాయిలా పక్కకు పోతుంది. అంతకుముందు ఒకటి రెండు చరణాలు పాడి ఊరుకునేవాడు. నేను రెచ్చగొట్టాను.

"అన్నా, నీ గొంతుల మట్టి వాసన ఉన్నది. గీ పోరగాండ్లతోటి ఎందుకు, నువ్వే పాడు."

పాడాడు. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ అందరి దగ్గరా ఉంటుంది, కానీ దాన్ని అందరూ అతికించినట్టు వాడతారు. నేను ఒక్కొక్క అక్షరాన్ని చేత్తో దిద్దాను. ఒక పాటకు వారం పట్టేది. ఊపిరి ఎక్కడ వదలాలో అక్కడ వదిలినట్టు పెట్టాను, చరణం చివర ఒక చిన్న వణుకు తయారుచేసి పెట్టాను. ఆ వణుకు నాది కాదు, పొలం గట్టు మీద పాడిన ఎవరో ముసలాయన నుంచి నేర్చుకున్నది. పూర్తయ్యాక ఓనరుకు వినిపిస్తే కండ్లు మూసుకుని తల ఊపేవాడు. నెమ్మదిగా అది తన గొంతేనని నమ్మాడు. అద్దంలో మేకప్ చూసుకుని అదే ముఖం అనుకునే పెళ్లికొడుకు లెక్క. కరోనాలో జనమంతా ఇండ్లలో ఫోన్లు పట్టుకుని కూర్చున్నప్పుడు అతను రెండు జిల్లాల్లో స్టార్ అయిపోయాడు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ స్టూడియోలో ఆ దొంగను నేనే. ఎవరికీ తెలియకుండా అతని ప్రతి పాటకూ దిద్దకముందు గొంతును వేరే దాచుకున్నాను, వాటితోపాటు నార్కట్‌పల్లి ఏడును కూడా. ఎన్నడన్నా అవసరపడుతుందని. అంతకన్నా ముఖ్యంగా, పొద్దున్నే పనికి ముందు ఒకటి విని నవ్వుకోవడానికి. నన్ను చీడపురుగు అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

తర్వాత అక్కడ మానేసి నార్కట్‌పల్లిలో, బాపు మైకు సెట్టు పెట్టుకున్న గదిలోనే నా స్టూడియో పెట్టుకున్నాను. గోడలకు పాత బొంతలు కొట్టాను. హారన్లు అట్లాగే మూలన ఉన్నాయి. ఇక్కడ ప్రతి ఫైలుకూ పాడినవాళ్ల పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాస్తాను. పెళ్లిపాటలు, బతుకమ్మ పాటలు, పీర్ల పండుగకు మా ఊరి సాయిబులు, హిందువులు కలిసి పాడేవి రికార్డు చేశాను. మంచి పేరొచ్చింది. అయినా ఓనరు పాటలు చేసిపెట్టడం మానలేదు. అతను అడిగితే ఎప్పుడూ కాదనలేదు. స్టేజీ ప్రోగ్రాములకు కూడా పోయేవాణ్ని, ఎందుకంటే అక్కడ అతనికి నేను లేకపోతే నడవదు.

స్టేజీ సంగతి ఒకటి చెప్పాలి. ఇట్లాంటి ప్రోగ్రాముల్లో చాలామంది నిజంగా పాడరు. గొంతుతో సహా తయారైన పాటను మిక్సర్ నుంచి వదులుతాం, పాడేవాడు మైకు పట్టుకుని పెదాలు కదుపుతాడు, మా ఓనరైతే నమ్మకం కొద్దీ గొంతెత్తి పాడేవాడు కూడా. అతని మైకు గుండీని కిందికి దించి ఉంచుతాం. వినేవాళ్లకు తెలియదు, తెలిసినా పట్టించుకోరు. మిక్సర్ దగ్గర కూర్చున్నవాడి వేలు ఒక్క అంగుళం కదిలితే ఆ మనిషి బతుకు బయటపడుతుంది. ఆ వేలు నాది.

ఐదేళ్లు ఆగాను. పాలమూరు జిల్లాలో ఒక పట్నంలో, కాలేజీ గ్రౌండులో జానపద కళాకారులకు సన్మానం పెట్టారు. ఓనరుకు బిరుదు ఇస్తున్నారు. సాయంత్రం నాలుగింటికి ఎండ ఇంకా ఉంది. స్టేజీ మీద డప్పు వాయించే పెద్దమనుషులు, యక్షగానం ఆడే ముసలివాళ్లు, ఒగ్గు కథ చెప్పేవాళ్లు. అంతా అసలు గొంతులు. వాళ్ల నడుమ తెల్ల లాల్చీ వేసుకుని ఈయన. నాకు ఇంతకంటే మంచి జాగా దొరకదు.

మొదటి పాట ఎప్పటిలాగే వదిలాను. చప్పట్లు. రెండోది జనం కేకలు పెట్టి అడిగిన పాట. ఊరూరికి మైకు గట్టిన నా రాజా. దరువు మొదలైంది, ముందు వరుసలో పోరగాళ్లు లేచారు. అమ్మ గొంతు ముక్క వచ్చి పోయింది. ఓనరు చరణం అందుకునే చోటికి రాగానే పాటలో అతని గొంతును తీసేశాను, అతని మైకును పైకి లేపాను.

గ్రౌండంతా స్టీలు గిన్నె ఈడ్చిన చప్పుడు.

ఒక లైను పాడేదాకా అతనికే తెలియలేదు. అంతగా నమ్మాడు. జనం మైకు ఖరాబైందనుకున్నారు. రెండో లైనుకు నవ్వులు మొదలయ్యాయి. స్టేజీ మీద ఒక ముసలి డప్పు ఆయన చేతిలోని పుల్లను ఒళ్లో పెట్టుకుని ఓనరు ముఖంలోకి చూశాడు. అప్పుడు ఓనరు ఆగి, మిక్సర్ వైపు తిరిగి నన్ను చూశాడు. నేను దరువు ఆపేశాను. నా ముందున్న మైకు తీసుకున్నాను.

"మీరు గిన్నేండ్లు ఎగిరిన పాట మా అమ్మ ఏడుపు. మా బాపు శవం ముందట ఏడ్సింది. గీయన చెప్పులిడిసి నిలబడి ఇని, ఎత్తుకపోయిండు. మిగిలింది గూడ ఇనుండ్రి."

నార్కట్‌పల్లి ఏడు. మొదటి నుంచి చివరిదాకా వదిలాను. వేగం పెంచకుండా, శ్రుతి మార్చకుండా. ఆరు నిమిషాలు. గొంతు ముందర, వెనక ఆడవాళ్ల ఏడుపులు, దూరంగా హైవే మీద లారీ. గ్రౌండులో చిన్న చప్పుడు లేదు. "నీ సావుకు మైకెవరు గడుతరు నా రాజా" అన్నప్పుడు ముందు వరుసలో ఎగిరిన పోరగాళ్లు తల దించుకుని కూర్చున్నారు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అందరి చేతుల్లో ఫోన్లు లేచాయి. ఓనరు ఎటు పోయాడో ఎవరూ చూడలేదు. నేను చూశాను. స్టేజీ వెనక మెట్లు దిగుతుంటే ఒక చెప్పు జారింది, వంగి తీసుకోలేదు.

నా కడుపు చల్లబడింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, నా బతుకులో అంత తీపి సాయంత్రం ఇంకోటి లేదు. ఆ మనిషి స్టూడియో ఏడాది తిరగకుండా మూతపడింది. ఇప్పుడు ఫ్లెక్సీలు ప్రింటు చేసుకుంటున్నాడట. ఆ మాట విన్నప్పుడల్లా మంచిగైంది అనుకుంటాను. ఇప్పటికీ అనుకుంటాను.

ఆ రాత్రి ఆ పట్నంలోనే ఉండి, పొద్దున బస్సుకు ఇల్లు చేరాను. చేతిలో కిలో జిలేబీ. బాపుకు ఇష్టం. అమ్మకు అంతా కూర్చోబెట్టి చెప్పాలని, ఇక ఏ చావింట్లోనైనా నోరు తెరువు, ఎవడూ ఎగరడు అని చెప్పాలని దారంతా మాటలు పేర్చుకున్నాను.

అమ్మ అరుగు మీద చింతపండు చాట ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన చెల్లె ఫోను. వీడియో నాకన్నా ముందే వచ్చేసింది. నేను మిక్సర్ దగ్గర నిలబడి ఉన్నాను అందులో, తర్వాత మొత్తం ఏడుపు. జిలేబీ పొట్లం ఆమె పక్కన పెట్టాను. ఆమె దానివైపు చూడలేదు.

"మొత్తం నీ కాడ ఎట్లున్నది?"

నేను పొట్లం దారం విప్పబోయాను.

"వాడు ఫోన్ల ఎక్కిచ్చుకున్నడంటివి గద."

"లేదమ్మా. నేనే."

ఆమె ఫోన్ను బోర్లా తిప్పి పెట్టింది. కోపంగా ఉంటే బాగుండేది, తిడితే ఇంకా బాగుండేది. నా కోపం ఆమె నుంచే వచ్చిందని నేను ఎప్పుడూ అనుకునేవాణ్ని.

"వాడు ఒక్క ముక్క ఎత్తుకపోయిండు. అది నా ఏడుపని ఎవ్వలికి ఎరుకలేకుండె. నువ్వు మొత్తం పంచినవ్. గీమె మా అమ్మ, గాయన మా బాపు అని చెప్పి మరీ పంచినవ్. పొద్దుగాల్నుంచి మీ మేనత్త ఫోన్జేసె, చిట్యాల్నుంచి ఫోన్జేసిరి. ఎంత మంచిగ ఏడ్సినవ్ అంటున్నరు. అది మీ బాపుకు చెప్పుకున్న మాట కొడుకా. నేను మనువాడినంక ఆయన్ని అట్ల పిలిసింది అదొక్కపారే."

"వాణ్ని ఇడిసిపెట్టమంటవా అమ్మా?"

"వాని సంగతి నేనడుగలే. ఆ దినం నేను ఏడుస్తుంటె నీ కండ్లల్ల నీళ్లు రాలే. నేను జూసిన. పోరడు గట్టిగున్నడు, ఇల్లు నిలవెడతడు అనుకున్న. నువ్వు ఏం జేస్తున్నవ్ అప్పుడు?"

చెయ్యి దానంతటదే జేబులోకి పోయిందని చెప్పబోయాను. నోటిదాకా వచ్చింది. కానీ ఆమె ముందు ఆ మాట నిలబడదు. నేను బటన్ నొక్కడమే కాదు, జేబు కొంచెం తెరిచి వంగి చూసుకున్నాను. అమ్మ గొంతు ఎత్తుకున్నప్పుడు ఎర్ర లైటు వెలుగుతోంది, శబ్దం పగిలిపోతుందేమోనని లెవెల్ రెండు గీతలు తగ్గించాను. తర్వాత గొంతు బాగా వచ్చేట్టు రెండడుగులు ముందుకు జరిగాను. బాపు కాళ్ల దగ్గరికి జరిగింది అందుకు. చూసినవాళ్లు కొడుకు తండ్రి కాళ్ల దగ్గరికి పోయాడనుకున్నారు.

ఇదంతా అమ్మకు చెప్పాను. విన్నది. చింతపండు చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నేను పోయిన్నాడు ఉత్త చేతులతోటి రా" అంది. లేచి లోపలికి పోయింది.

నార్కట్‌పల్లి ఏడును అన్ని డిస్కుల్లో నుంచీ తీసేశాను. దానితో ఏమీ కాలేదు, జనం ఫోన్లలో అది తిరుగుతూనే ఉంది. ఒకసారి బస్సులో ముందు సీటాయన ఫోను మోగితే అమ్మ గొంతు. దిగిపోయాను. చావులకు అమ్మ ఇప్పటికీ పోతుంది, వెనక వరుసలో కూర్చుంటుంది. నేను రోజూ పని ముగించుకుని ఇంటికి పోతాను. గడపలో అడుగు పెట్టగానే ఆమె నా ముఖం చూడదు. ముందు నా చొక్కా జేబు చూస్తుంది, తర్వాత అన్నం పెడుతుంది.